పనిలేని వాళ్ళ లెక్కలు, 140 ఆవులు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల కాలమ్‌లో ఒకాయన రాశారు, ఊళ్ళకి ఆ పేర్లెందుకొచ్చాయి, తాతముత్తాతలు ఎక్కణ్ణుంచొచ్చారు అని తవ్వుకోడం పనిలేని వాళ్ళ కాలక్షేపమని. పనిలేని మాట నిజమేనండీ, నేను షిప్‌యార్డు నుంచి రిటైరై 9 ఏళ్ళయింది, పొద్దున్న బీచ్‌రోడ్డులో వాకింగు, తర్వాత మీ పేపరు, అంతే. కానీ ఆ కాలక్షేపం అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది, అందుకే రాస్తున్నా.

మా అమ్మాయి ఉద్యోగం డబ్లిన్‌లో. దాని ఆఫీసులో చాలామంది ఇంటిపేర్లకి ముందు ఓ అనో మెక్ అనో ఉంటుందట, ఓ అంటే మనవడు, మెక్ అంటే కొడుకు, అంటే ఫలానా వాడి సంతతి అని ఇంటిపేరే చెప్పేస్తుందన్నమాట. ఆ కబుర్లలోంచే బాలీమోట్ పుస్తకం సంగతి వచ్చింది. చేతిరాత పుస్తకం, రాయల్ ఐరిష్ అకాడమీలో ఉంది, పేజీలన్నీ ఫోటోలు తీసి ఎవరైనా చూసుకునేలా పెట్టారు. రెండు వారాలు నేను అదే పని. ఆ లిపి నాకేం వస్తుంది, పక్కన ఇంగ్లీషు అనువాదాలు పెట్టుకుని కూర్చున్నా.

1390 ప్రాంతంలో, ఐర్లండుకి పడమటి పక్క స్లైగో జిల్లాలో, మెక్‌డొనా అనే దొర అండలో, ముఖ్యంగా ముగ్గురు లేఖకులు దూడ చర్మం మీద రాశారు. ఇప్పటికి 251 ఆకులు మిగిలాయి. బాలీ అంటే ఊరు, మోట్ అంటే మట్టిదిబ్బ, అంటే మన లెక్కలో దిబ్బపాలెం పుస్తకం. మొదట్లోనే బైబిల్లో జలప్రళయం నాటి నోవహు ఓడ బొమ్మ ఉంది. నేను డ్రాయింగ్ ఆఫీసులో ఓడలు గీసి గీసి కళ్ళజోడు తెచ్చుకున్నవాణ్ణి, ఆ ఓడ నీళ్ళలో తేలుతుందని నేనైతే సంతకం పెట్టను.

ఓడ ఎందుకంటే వాళ్ళ కథ అక్కణ్ణుంచే మొదలు. జలప్రళయానికి 40 రోజుల ముందు నోవహు మనవరాలు కెసేర్ 50 మంది ఆడవాళ్ళనీ ముగ్గురు మగవాళ్ళనీ వెంటేసుకుని ఐర్లండు చేరుతుంది. అందరూ పోయి ఫింటన్ ఒక్కడే మిగులుతాడు, సాల్మన్ చేపై, గద్దై, డేగై, వేల ఏళ్ళు బతికి తర్వాత వచ్చినవాళ్ళకి అన్నీ చెప్తాడు, మన కాకభుశుండి లాగే. ఆ తర్వాత ఒక గుంపు మీద ఇంకో గుంపు దిగుతూనే ఉంటుంది, చివరికి స్పెయిన్ నుంచి మీల్ కొడుకులు వస్తారు, ఐరిష్ వాళ్ళు మేం వాళ్ళ సంతతే అంటారు. మిగతా పుస్తకంలో పేజీలకి పేజీలు వంశావళులే, ప్రతి చిన్న దొరనీ ఈ మీల్ కొడుకులకి కట్టి, అటు నోవహుకి, ఆదాముకి కట్టేశారు.

ఇది చదివి మనం నవ్వక్కర్లేదు. మన విశాఖపట్నం పేరుతోనే ఉన్న తామ్రశాసనం, శక సంవత్సరం 1040, అంటే 1118లో కళింగ రాజు అనంతవర్మ చోడగంగ వేయించింది, విష్ణువు దగ్గర మొదలెట్టి బ్రహ్మ, అత్రి, చంద్రుడు అంటూ దిగుతుంది. తుర్వసుడికి పిల్లల్లేక గంగని వేడుకుంటే గాంగేయుడు పుట్టాడనీ, గంగవంశం అలా వచ్చిందనీ చెప్తుంది. రెండు చోట్లా పని ఒకటే, రాజ్యం, భూమి ఎవరివో వంశావళి చూసి తేల్చేవారు, గాబట్టి అవసరం పడ్డప్పుడు వంశావళిని కాస్త సర్దేవారు కూడా. కాలక్షేపం ఎక్కడుందండీ ఇందులో, అది వాళ్ళ పట్టాదారు పుస్తకం.

నాకు బాగా పట్టింది మాత్రం ఊళ్ళ పేర్ల కథలు. వాటికి వాళ్ళ భాషలో వేరే పేరే ఉంది, దిన్‌షెన్‌కస్ అని రాస్తారు, పలకడం మా అమ్మాయికీ రాదు. కొండ, రేవు, చెరువు, దేనికి ఆ పేరెందుకో తెలియనివాడు అక్కడ కవే కాదు. బోయిన్ నది కథ చూడండి. నెక్తన్ అనేవాడి బావి దగ్గరికి అతనూ, నీళ్ళందించే అతని ముగ్గురు మనుషులూ తప్ప ఎవరూ వెళ్ళకూడదు. అతని పెళ్ళాం బోఆన్ నన్నేం చేస్తుందిలే అని వెళ్ళి, అప్రదక్షిణంగా తిరిగింది. బావి పొంగి మూడు కెరటాలొచ్చి ఒక కాలు, ఒక చెయ్యి, ఒక కన్ను తీసుకుపోయాయి, ఆవిడ సముద్రం దాకా పరిగెత్తింది, నీళ్ళు వెనకాలే తరిమాయి, ఆ దారే నది. మన ఊరికి పేరిచ్చాడంటారే, ఆ విశాఖేశ్వరుడి గుడిని సముద్రం లాక్కుపోయిందని మా నాయనమ్మ చెప్పేటప్పుడు చెయ్యి ఇలా తిప్పి చూపించేది, ఆ చెయ్యే గుర్తొచ్చింది నాకు.

మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ పేర్లే కదా. ఓ, మెక్ అని వాళ్ళు మనిషిని చూపిస్తే మనం ఊరిని చూపిస్తాం. అంటే మనకి వంశావళీ, ఊరి కథా రెండు పుస్తకాలు కావు, ఊరు మర్చిపోతే వంశం కూడా పోయినట్టే. మా ఇంటిపేరున్న ఊరు మా ఇంట్లో ఎవరూ చూళ్ళేదు.

చిన్నప్పుడు సంక్రాంతికి ఒక భట్రాజు గారు వచ్చి ఏడు తరాలు గడగడా చదివేవారు. ఆయన చెప్తుంటే మా నాన్న రాసుకున్న నోట్‌బుక్ ఒకటుండేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మా రేకులు ఎగరేసుకుపోయింది, మర్నాడు బీరువా తీస్తే నీలం సిరా అంతా కారి పేజీలు ఇటుకలా అతుక్కుపోయాయి. దూడ చర్మమైతే నిలిచేదేమో. విడదీయగలిగిన నాలుగు పేజీల్లో అందరూ మగవాళ్ళే, ఆడవాళ్ళని "భార్య" అని రాసి వదిలేశాం. బాలీమోట్ పుస్తకంలో పేరున్న ఆడవాళ్ళకే ఒక భాగం ఉంది, ఎవరి కూతురు, ఎవరిని చేసుకుంది, ఎవరిని కన్నది అని, సిగ్గేసింది నాకు.

ఆ పుస్తకాన్ని 1522లో ఓ డొనెల్ అనే దొర 140 పాడావులిచ్చి కొన్నాడు. మా వీధిలో పాలు పోసే అతనికి చెప్తే, "మాస్టారూ, ఆవులు ఈనినవేనా" అని అడిగాడు.

మనవాళ్ళేం తక్కువ తినలేదు. కంపెనీ సర్వేయరు మెకంజీ దొర 1800 ప్రాంతంలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ముల్ని పెట్టుకుని ఊరూరా కరణాల దగ్గర కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, పోగేయించాడు, ఆయన పుట్టిన లూయిస్ దీవిలో మాట్లాడే గేలిక్ కూడా ఈ ఐరిష్‌కి చెల్లెలే. తర్వాత మనమే వదిలేశాం. స్టీల్‌ప్లాంటు కింద ఎన్ని ఊళ్ళు పోయాయో, పోర్టు కోసం దిబ్బపాలెం వాళ్ళు ఎలా లేచిపోయారో మీకు నేను చెప్పాలా. హనుమంతవాక, గాజువాకల్లో ఉన్న ఆ వాక అంటే ఏరు అని మా మనవడికి తెలీదు, జగదాంబ సెంటర్ మాత్రం సినిమా హాలు పేరని తెలుసు.

మీరు ఆదివారం సంచికలో ఒక చిన్న బాక్సు ఇవ్వండి, పాఠకులు తమ ఊరి పేరు, పొలం పేరు, గెడ్డ పేరు రాసి పంపుతారు. కథ నిజమో కాదో మీరు తేల్చక్కర్లేదు. మా పెద్దమ్మ ఊరు స్టీల్‌ప్లాంటు కిందే పోయింది, ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటుంది, ఆవిడ దగ్గర నేను ఫోన్లో రికార్డు చేస్తున్నా. మొన్నటికి 11 పొలాల పేర్లు చెప్పింది. పన్నెండోది నాలిక చివరుంది గానీ రావట్లేదట, "రాత్రికి గుర్తొస్తాదిలే, ఫోను చేత్తాను" అంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
కంచరపాలెం, విశాఖపట్నం