మా సందు మొదట్లో నిలబడినవాళ్లందరికీ

పోయిన ఆదివారం మా అమ్మాయి పదహారో పుట్టినరోజు. విశాఖ ఎంవీపీ కాలనీలో మా డాబా మీద పాతికమందితో చేద్దామనుకున్నాం. తనే ఫోన్‌లో కార్డు తయారుచేసి క్లాస్ గ్రూపులో పెట్టింది. ఎవరో ఆ కార్డులో "ఎవరైనా రావచ్చు, డీజే, ఫ్రీ చికెన్ బిర్యానీ" అని చేర్చి బయటికి వదిలారు. మా అడ్రసు, నా నంబరు అలాగే ఉంచారు.

పొద్దున పదింటికి మొదటి ఫోన్: "బిర్యానీ ఎన్నింటికండీ?" రాంగ్ నంబరనుకుని పెట్టేశాను. మధ్యాహ్నానికి ఫోన్ మోగడం ఆగలేదు. మా వారిది షిప్‌లో ఉద్యోగం, ఇంకా రెండు నెలలకు గానీ రారు. పిల్ల గదిలో తలుపేసుకుని ఏడుపు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఎదురింటి అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. విషయం వినగానే "దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు ఆంటీ" అన్నాడు. 2012లో నెదర్లాండ్స్‌లో హారెన్ అనే చిన్న ఊళ్లో కూడా పదహారో పుట్టినరోజేనట. ఆ అమ్మాయి ఫేస్‌బుక్‌లో పెట్టిన పిలుపు పొరపాటున అందరికీ కనిపించింది. తను తీసేసినా వేరేవాళ్లు మళ్లీ పెట్టారు. సెప్టెంబర్ 21 రాత్రి వేలమంది వచ్చిపడి షాపులు పగలగొట్టారు, పోలీసులు లాఠీలతో దిగాల్సి వచ్చింది.

అందుకే డిలీట్ చేసి కూర్చుంటే చాలదన్నాడు. అదే కార్డు తీసుకుని, అడ్రసు, నంబరు చెరిపి, అడ్డంగా ఎర్రగీత కొట్టి "ఇది ఎవరో మార్చిన కార్డు, దయచేసి రాకండి" అని రాశాడు. మార్చిన కార్డు మీద అప్పటికే రెండు బాణాల గుర్తు పడింది. అంటే ఐదు చేతులు దాటిందన్నమాట. అలాంటిదాన్ని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. మనం కొత్తగా పంపేది ఒకసారికి ఐదు చాట్‌లకు వెళ్తుంది. మా అమ్మాయి ఫ్రెండ్స్ మా హాల్లో నేల మీద కూర్చుని, కాలేజీ గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపులు ఒక్కటీ వదలకుండా పంపారు. పుట్టినరోజుకు వేసుకొచ్చిన కొత్త బట్టల్లోనే. ఆ పిల్లలందరికీ నా ముద్దులు.

112కి ఫోన్ చేస్తే ఇద్దరు కానిస్టేబుళ్లు బండి మీద వచ్చారు. స్క్రీన్‌షాట్లు, నంబర్లు దాచమని చెప్పి, రాత్రి తొమ్మిదిదాకా కదల్లేదు.

"ఏటమ్మా, మీ ఇంట్లో పెళ్లేటి? మూడు ట్రిప్పులు మీ సందుకే వేశాను" అన్న ఆటో అన్నయ్యా, మిమ్మల్ని మర్చిపోలేను. సంగతి చెప్పగానే స్టాండులోని మరో నలుగురిని తీసుకొచ్చి సందు మొదట్లో ఆటోలు అడ్డం పెట్టారు. ఆదివారం సాయంత్రం బీచ్ బేరాలు వదులుకున్నారు. రెండొందలమందికి పైనే వచ్చి ఉంటారు. "ఎవరో ఆకతాయి పని నాయనా, ఆడపిల్లున్న ఇల్లు, వెళ్లిపోండి" అని ఒక్కొక్కరికీ నచ్చజెప్పారు. గొడవ కాలేదు. మాట విని వెనక్కి తిరిగిన కుర్రాళ్లకూ నా నమస్కారం.

అడ్రసు పెట్టడం మా పిల్ల తప్పన్నవాళ్లు ఉన్నారు. పుట్టినరోజుకు పిలిచేవాళ్లు అడ్రసు పెట్టరా? తప్పు మార్చినవాళ్లది. దీన్ని ప్రాంక్ అంటారట. ఆ రోజు పిల్ల ముఖం చూస్తే ఆ మాట అనరు.

ఏడున్నరకు ఒకామె ఇద్దరు పిల్లలతో సందులోకి వచ్చింది. గోపాలపట్నం నుంచి రెండు బస్సులు మారి వచ్చారట. పిల్లలకు తలకు నూనె రాసి, నున్నగా దువ్వి ఉంది. చిన్నదాని చేతిలో మెరుపుకాగితం చుట్టిన జామెట్రీ బాక్సు. విషయం తెలిసి ఆమె వెనక్కి తిరగబోయింది. "పిలిచారు కదా అని వచ్చామండీ, ఉత్తచేతులతో రాకూడదని..." అని ఆగిపోయింది. పొద్దుటి నుంచి బయటికి రాని మా అమ్మాయి అప్పుడు మెట్లు దిగొచ్చి, ఆ పిల్లల చేతులు పట్టుకుని పైకి తీసుకెళ్లింది. ముగ్గురూ తిన్నారు. కేకు కోసేటప్పుడు చిన్నది మా అమ్మాయి పక్కనే నిలబడింది.

ఆ కార్డు ఇంకా ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే తీసెయ్యండి, నాకు ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి.

గోపాలపట్నం అమ్మా, కంగారులో మీ పేరు కూడా అడగలేదు. జామెట్రీ బాక్సు మా అమ్మాయి బల్ల మీదే ఉంది. ఇది మీదాకా వస్తే పిల్లల్ని తీసుకుని మా ఇంటికి ఒకసారి రండి. దారి మీకు తెలుసు.