ఆరు నెలల్లో బోన్సాయ్ రాదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ మొక్కల పేజీలో ఇంట్లోనే బోన్సాయ్, అంటే పళ్లెంలో చిన్నగా పెంచే చెట్టు, చేసుకోవడం ఎలా అని వేశారు. నర్సరీ నుంచి మొక్క తెచ్చి చిన్న పళ్లెంలో పెట్టి, నీళ్లు తగ్గించి, ఎరువు మానేసి, చిగురు కనిపించినప్పుడల్లా తుంచేస్తుంటే ఆరు నెలల్లో బోన్సాయ్ తయారట. చదివి ఊరుకుందామనే అనుకున్నాను. కానీ మా వీధిలోనే ఇద్దరు అది చూసి మొక్కలు కొనేశారు, ఒకావిడైతే కత్తెర పట్టుకుని మా ఇంటికే వచ్చేసింది, ఎక్కడ కత్తిరించాలో చెప్పండి అన్నయ్యగారూ అంటూ. అందుకని రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే, మీకు చోటు లేకపోతే ఎక్కడైనా కోసుకోండి గానీ నీళ్లు, ఎరువు గురించి రాసిన ముక్క మాత్రం వదిలేయకండి.

నేను తోటపని చదువుకున్నవాణ్ణి కాదు. రాజమండ్రిలో ముప్పై ఏళ్లు మోటార్ వైండింగ్ షాపు నడుపుకున్నాను. 1999లో షాపు పైన పిట్టగోడ పగుల్లో మర్రి మొలిచింది. కాకి రెట్టలో వచ్చి పడ్డ గింజే అయ్యుంటుంది. ఇంటి ఓనరు యాసిడ్ పోయిస్తానంటే, ఎందుకో ప్రాణం ఒప్పక నేనే ఉలి, సుత్తి పట్టుకెళ్లి సిమెంటు చెక్కి, వేరు తెగకుండా బయటికి తీశాను. అప్పటికది జానెడు మొక్క. ఇప్పుడు అడుగున్నర ఎత్తు. అంటే పాతికేళ్లు దాటినా అడుగు కూడా సరిగ్గా పెరగలేదని మీరనుకోవచ్చు. మధ్యలో అది మా డాబా ఎత్తు దాటి వచ్చిందని చెబితే ఎవరూ నమ్మరు.

మొదటి మూడేళ్లూ నేను చేసింది అచ్చంగా మీ వ్యాసంలో ఉన్నదే. చిన్న కుండీ, గుక్కెడు నీళ్లు, ఆకు వస్తే తుంచడం. మర్రి కాబట్టి బతికింది. దానితోపాటు పెట్టిన ఒక రావి, ఒక జామ పోయాయి. బతికిన ఈ మర్రికి కూడా మూడేళ్ల తర్వాత కాండం పెన్సిలంతే. ఎందుకు లావెక్కుతుంది చెప్పండి, తిండి తయారుచేసేదే ఆకు, ఆ ఆకును నేను రానిస్తే కదా! పిల్లాడికి అన్నం పెట్టకుండా వీడు ఒళ్లు చేయడం లేదేమిటని చూసినట్టుంది నా పని.

విశాఖలో పంపు సెట్ల వ్యాపారం చేసే పెద్దాయన ఒకరుండేవారు, పని మీద వెళ్తే వాళ్ల డాబా మీద ముప్పై నలభై పళ్లేలు చూపించారు. నా మొక్క సంగతి చెబితే నవ్వి, ముందు చెట్టును చెట్టులా పెంచు, తర్వాత చిన్నది చేద్దువుగాని, తీసుకెళ్లి నేలలో పాతు అన్నారు. పాతేటప్పుడు వేళ్ల కింద ఒక గచ్చుబిళ్ల పెట్టమన్నారు. అలా పెడితే వేరు నిటారుగా కిందికి దిగకుండా చుట్టూ పరుచుకుంటుంది, రేపు పళ్లెంలో కూర్చోబెట్టాలంటే అదే కావాలి. 2002లో పెరట్లో పాతాను. పేడ ఎరువు వేశాను, నీళ్లు పెట్టాను, కత్తెర ముట్టుకోలేదు. ఐదేళ్లు. కాండం నా పిక్కంత లావైంది.

2007లో ఆషాఢం వానలు మొదలయ్యాక రంపం తీసుకుని నేల నుంచి జానెడు ఉంచి మిగతాదంతా కోసేశాను. మర్రిని కొట్టకూడదురా అని మా అమ్మ గొడవ. మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు, ఆవిడ బట్టలారేసుకునే తాడు దానికే కట్టి ఉండేది మరి. కోసిన చోట పాలు కారుతూనే ఉన్నాయి. నీళ్లు చిలకరించి కడిగితే కాసేపటికి ఆగాయి. ఇరవై రోజులకు ఆ మోడు చుట్టూ ఇరవైకి పైగా మొలకలు. అసలు కత్తిరించడం అనేది అక్కడ మొదలైంది, ఎనిమిదేళ్ల తర్వాత.

మొలకల్లో ఒకదాన్ని కొత్త కాండంగా ఎంచుకుని మిగతావి చాలావరకు గిల్లేశాను. ఆ ఒక్కదాన్ని మళ్లీ మూడేళ్లు ఇష్టమొచ్చినట్టు పెరగనిచ్చి, అది కింది మోడులో సగం లావు రాగానే 2010లో మళ్లీ కోశాను, ఈసారి బెత్తెడు ఎత్తులో. ఇలా ఒక్కో కోతకూ ముక్క పొట్టిదవుతూ, సన్నబడుతూ పోవాలి. కింద ఏనుగు పాదం, పైకి పోనుపోను తొండం చివర, అలా వస్తేనే చూసేవాడి కంటికి చిన్న మొక్క కాక పెద్ద మాను కనిపిస్తుంది. బజారులో బోన్సాయ్ అని అమ్మే పాము వంపుల మొక్కలకు లేనిదదే. కింద ఎంత లావో పైనా అంతే, ఎవరో మెలిపెట్టిన పైపులా ఉంటాయి.

కొమ్మల లెక్క వేరు. ఏ కొమ్మకైనా కొస మొగ్గ పెత్తనం చేస్తుంది. అందులో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని నిద్రలో ఉంచుతుంది. కొస తుంచితే ఆ నిద్ర చెడి రెండు మొగ్గలు లేస్తాయి. రెండూ నాలుగైదు ఆకులు వేసేదాకా ఆగి మళ్లీ తుంచితే నాలుగు, తర్వాత ఎనిమిది. మన వేడికి మర్రి జాతి మీద ఏడాదికి రెండు మూడుసార్లు ఈ పని చేయొచ్చు. కానీ అంతటా ఒకేలా తుంచితే చెట్టు పాడైపోతుంది, ఇది నాకు అర్థమవడానికి నాలుగేళ్లు పట్టింది. బలమంతా తలలో ఉంటుంది. కింది కొమ్మలు ఎప్పుడూ బలహీనమే. కాబట్టి పైన తరచుగా, గట్టిగా తుంచాలి, కింది కొమ్మను మూరెడు సాగినా కదిలించకూడదు, లావెక్కాక చూసుకోవచ్చు. చూడ్డానికి కొన్ని నెలలు చెట్టు పిచ్చివాడి జుట్టులా ఉంటుంది. మా అల్లుడు ఒకసారి చూడలేక నేను లేనప్పుడు చక్కగా గుండ్రంగా కత్తిరించి పెట్టాడు. ఏమనగలం, అల్లుడాయె. కింది కుడి కొమ్మ మళ్లీ ఆ లావుకు రావడానికి రెండేళ్లు పట్టింది.

తీగ చుట్టడం గురించి మీరు రాయనే లేదు. నాది వైండింగ్ షాపు కాబట్టి రాగి తీగకు కొదవ లేదు. పాత మోటార్లలో తీసిన తీగను మంటలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పైనున్న వార్నిష్ పోయి దారంలా మెత్తబడుతుంది, వంచాక అదే బిర్రుగా నిలబడుతుంది. కొమ్మ లావులో మూడో వంతు తీగ సరిపోతుందని ఒక అంచనా, నేను ఎక్కువగా 14, 16 గేజ్‌లు వాడేవాణ్ణి. కాయిల్ చుట్టినట్టు పక్కపక్కన ఆనించి చుట్టకూడదు, ఏటవాలుగా, ఎడంగా, బెరడును ఆనీ ఆననట్టు. కానీ మర్రి బెరడు మెత్తన, రాగి దానికి మరీ కటువు. 2011లో జూన్‌లో తీగ చుట్టి, మా అమ్మాయి పురిటికని హైదరాబాద్ వెళ్లి రెండు నెలలకు వచ్చేసరికి తీగ కండలోకి దిగిపోయింది. వానాకాలంలో మర్రి ఎంత జోరుగా లావెక్కుతుందో అప్పుడు తెలిసింది. దాన్ని విప్పబోతే బెరడు లేస్తుంది, నిప్పర్‌తో ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీయాలి. ఆ మెలిక మచ్చ ఇప్పటికీ ఉంది. మనవడి వయసెంతో ఆ మచ్చ వయసు కూడా అంతే. ఆ తర్వాత అల్యూమినియం తీగకు మారాను, వానాకాలంలో చుడితే నెల దాటకుండా వారానికోసారి చూస్తాను.

ఇక నీళ్లు, ఎరువు. దయచేసి ఇది సరిచేసి వేయండి. బోన్సాయ్‌ని ఎండబెట్టి పొట్టి చేయరు. కొమ్మా వేరూ కత్తిరించడం వల్ల, పళ్లెంలో చోటు తక్కువ కావడం వల్ల అది చిన్నగా ఉంటుంది. రెండంగుళాల లోతు పళ్లెంలో తేమ ఎంతసేపు నిలుస్తుంది? మా ఊరి రోహిణి కార్తెలో పొద్దున, సాయంత్రం రెండుసార్లూ పోయాల్సిందే, పైన గ్రీన్ నెట్ కట్టాల్సిందే. తోటమట్టి వాడితే వేరు కుళ్లుతుంది. నేను ఇటుక ముక్కలు కొట్టి జల్లించి, ఇసుక, కాస్త పశువుల ఎరువు కలుపుతాను, పోసిన నీళ్లు చిల్లులోంచి వెంటనే దిగిపోవాలి. అలా దిగేటప్పుడు బలం కూడా కొట్టుకుపోతుంది గనక పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పల్చగా పోస్తాను. రెండేళ్లకోసారి తొలకరికి చెట్టును పైకి తీసి వేళ్లలో మూడో వంతు కత్తిరించి కొత్త మట్టిలో తీగతో కదలకుండా కట్టి కూర్చోబెడతాను. ఆరోగ్యంగా ఉన్న ఏడాది వానలకు ముందు ఆకులన్నీ తొడిమ ఉంచి కత్తిరిస్తే తర్వాత వచ్చేవి చిన్నగా వస్తాయి. ఆకు చిన్నదవుతుంది గానీ పండు చిన్నదవదు. మా పళ్లెంలో నిమ్మచెట్టు రెండడుగులు, కాయ మాత్రం బజారు కాయంతే.

అసలు ఆ జపాను మాటలో పొట్టి అనేదే లేదు. బోన్ అంటే పళ్లెం, సాయ్ అంటే నాటడం, అంతే. ఈ విద్య వాళ్లకు చైనా నుంచి వచ్చింది. మనం వామన వృక్షం అని పేరు పెట్టుకుని పొట్టితనం ఒక్కటే పట్టుకున్నాం. వామనుడు పొట్టిగా ఎంతసేపున్నాడు?

వాస్తు ప్రకారం ఇంట్లో ఉండకూడదట, ఎదుగుదల ఆగిపోతుందట. ఈ మర్రి ఇంట్లో ఉండగానే మా అబ్బాయి ఆరడుగులు పెరిగి వర్జీనియా వెళ్లాడు. దానికింకేమీ చెప్పను.

ఆ వర్జీనియాకే 2019లో వెళ్లాం, ఆరు నెలలు. పక్కనే వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్బొరేటమ్ అని పెద్ద చెట్ల తోట ఉంది, అందులో బోన్సాయ్ మ్యూజియం, టికెట్ లేదు. అక్కడ యమాకి పైన్ అనే చెట్టు చూశాను. 1625 నుంచి పళ్లెంలో పెంచుతున్నారు దాన్ని. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడ్డ చోటికి మూడు కిలోమీటర్ల దూరంలో, దాన్ని పెంచిన యమాకి గారి నర్సరీ గోడ చాటున ఉండి బతికింది. 1976లో అమెరికాకు రెండు వందల ఏళ్లు నిండినప్పుడు జపాను ఇచ్చిన చెట్లలో దీన్నీ ఇచ్చేశారు, ఎవరి బాంబు తప్పించుకుందో వాళ్లకే. ఈ సంగతి అక్కడి వాళ్లకు 2001లో యమాకి గారి మనవళ్లు చూడ్డానికి వచ్చినప్పుడు గానీ తెలియలేదు. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం లెక్క తిరుగుతోంది. నాలుగు వందల ఏళ్ల పాటు ఏటేటా ఎవరో ఒకరు దాని సూదుల్లాంటి పాత ఆకులు ఏరి, చిగుళ్లు గిల్లి ఉంటారు, నీళ్లకైతే ఒక్క రోజు సెలవు లేదు. బాంబు పడిన మర్నాడు కూడా ఎవరో పోసే ఉంటారు కదా అనిపించింది. గట్టిగా మాట్లాడబోయి గొంతు పట్టేసింది, మా అబ్బాయి ఏంటి నాన్నా అని అడిగితే ఏం లేదు పద అన్నాను.

అదే నెలలో మా డాబా మీద నా చింత పోయింది. గింజ నుంచి పదిహేడేళ్లు పెంచిన చెట్టు. నీళ్లు పోయడానికి ఒప్పుకున్న కుర్రాడు పెళ్లికని రెండు రోజులు ఊరెళ్లాడు, మే నెల. వాణ్ణి ఏమీ అనలేదు, వాడికి అది ఒక కుండీ. మర్రి ఆకులన్నీ రాల్చి మళ్లీ చిగురేసింది. ఈసారి పిల్లల దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఎవరికి అప్పగించాలో తెలియక రెండేళ్లుగా వాయిదా వేస్తున్నాం. అమెరికాలో ఆరు నెలలుండే తల్లిదండ్రులు మన దగ్గర ఎంతమందో. మీరు మొక్కల పేజీ నడుపుతున్నారు కాబట్టి దీని గురించి ఎవరైనా ఏం చేస్తున్నారో అడిగి రాస్తే నాలాంటి వాళ్లకు పనికొస్తుంది, ఆరు నెలల బోన్సాయ్ కంటే.

మర్రికి ఇప్పుడు ఊడలు దింపుతున్నాను. వానాకాలంలో కొమ్మ నుంచి సన్నగా వేలాడేవాటిని కూల్‌డ్రింక్ స్ట్రాలో దూర్చి, లోపల తడి నాచు కూరి పళ్లెం మట్టిదాకా తెస్తే ఎండకుండా దిగుతాయి. రెండు దిగాయి, మూడోది సగంలో ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూసినప్పటి నుంచి ఊడల మీద పడింది మనసు, అసలు మాను ఏదో ఊడ ఏదో తెలియని స్థితికి ఇది రావాలంటే నా ఆయుష్షు చాలదు, అయినా మూడోదాన్ని రోజూ పోయి చూస్తూనే ఉన్నాను.

కత్తిరించిన లావుపాటి కొమ్మల్ని నేను పారేయను, ఇసుకలో గుచ్చితే మర్రి తేలిగ్గానే వేరు పట్టేస్తుంది. అలా పట్టినవి ఆరు ఉన్నాయి. మీ వ్యాసం చదివి కత్తెరతో వచ్చిన ఆవిడకు ఒకటి ఇచ్చాను, ఆవిడ కొన్న మొక్కతోపాటు దాన్నీ వాళ్ల పెరట్లో గచ్చుబిళ్ల వేసి పాతించాను. ఐదేళ్ల తర్వాత రంపం తీసుకుని రమ్మన్నాను. కత్తెర మాత్రం మా ఇంట్లోనే ఉంచేసుకున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మోటార్ వైండర్,
రాజమహేంద్రవరం