పర్యావరణ సబ్జెక్టుకి క్రెడిట్లు ఇవ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పర్యావరణ శాస్త్రం, మానవ విలువలు చెప్పే లెక్చరర్ని. మీ కార్యాలయానికీ, యూనివర్సిటీకీ పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

పర్యావరణ పాఠం తప్పనిసరి చెయ్యాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో దాన్ని తప్పనిసరి అంటూనే క్రెడిట్లు (డిగ్రీ లెక్కలో కలిసే పాయింట్లు) లేకుండా పెట్టారు. 160 క్రెడిట్ల బీటెక్‌లో దాని వాటా సున్నా. ఆ సున్నా క్లాసులో ఏం చేస్తోందో ఒక్కసారి వచ్చి చూడండి సార్.

ఎప్పుడు ఖాళీ కావాలన్నా మా పీరియడే పోతుంది. సగం ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కి, మిగతాది ల్యాబ్ రికార్డులకి. మిగతా సెక్షన్లలో పాఠం చెప్పడానికి ఈ సబ్జెక్టు చదివిన లెక్చరర్లు ఉండరు. ఎవరికి వర్క్‌లోడ్ తక్కువ పడితే వాళ్ల పేరు టైంటేబుల్లోకి ఎక్కుతుంది. ఒక సెమిస్టర్ కెమిస్ట్రీ మేడం, ఇంకో సెమిస్టర్ ఇంగ్లిష్ సార్. పరీక్ష ముందు జెరాక్స్ నోట్సు పంచి కానిచ్చేస్తారు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అయినా ఊళ్లోకి తీసుకెళ్తుందనుకున్నాను. సర్వే ఫారాలు హాస్టల్ గదిలోనే నిండుతున్నాయి. పిల్లల్ని తప్పు పట్టలేను. సీజీపీఏ (మొత్తం కోర్సు గ్రేడుల సగటు) కోసం టెన్షన్ పడేవాడు అందులో కలవని పేపర్ ఎందుకు చదువుతాడు?

ఈ డెల్టాలో చదివే ఇంజినీరుకి ఇవి అక్కర్లేని విషయాలా? మా సివిల్ పిల్లలు కాలువ డిజైన్ చేస్తారు. రొయ్యల చెరువు పక్క చేను ఎందుకు చౌడుబారుతుందో, ఆ కౌలు రైతు ఎవరికి మొరపెట్టుకోవాలో వాళ్లకి తెలియదు. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వెయ్యకుండా పొలాలు వదిలేశారు. మురుగునీరు దిగకపోవడం, కూలి ఖర్చు, గిట్టుబాటు కాని ధర, అన్నీ కలిసిన ఆ కథ ఏ ఒక్క బ్రాంచి సిలబస్‌లోనూ ఇమడదు. 2014 జూన్‌లో కోనసీమలోనే నగరం అనే ఊళ్లో తుప్పుపట్టిన గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. తుప్పు గురించి కెమిస్ట్రీలో చెబుతాం, దానికి క్రెడిట్లున్నాయి. గ్యాస్ వాసన వస్తోందని ఊరివాళ్లు చెబితే ఇంజినీరు ఎందుకు వినాలో, వినకపోతే ఏమవుతుందో చెప్పే పాఠానికి మాత్రం లేవు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

దయచేసి క్రెడిట్లు ఇవ్వండి. సోషల్ సైన్స్ చదివినవాళ్లని రెగ్యులర్ పోస్టుల్లో వెయ్యమని కాలేజీలకు చెప్పండి. పిల్లల్ని డ్రెయిన్ల వెంట, లంక గ్రామాల్లోకి తీసుకెళ్లడానికి బస్సు, టైంటేబుల్లో ఒక పూట ఇప్పించండి. కొత్త రెగ్యులేషన్ వచ్చేదాకా ఆగమని మాత్రం అనకండి. ఇప్పుడు రెండో ఏడాదిలో ఉన్న పిల్లలు అప్పటికి డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతారు.

ఇట్లు,
ఒక లెక్చరర్,
పశ్చిమ గోదావరి జిల్లా