అయిదు పైసల బిళ్ళ చెప్పిన చరిత్ర

సంపాదకులు గారికి నమస్కారములు.

నేను తిరుపతిలో పదవీ విరమణ చేసిన చిత్రలేఖనం ఉపాధ్యాయుడిని. భోగిమంటలో వేయడానికని మా వీధిలో ఒకరు అటక మీది నుంచి దింపిన పాత ఉత్తరాల కట్టను అడిగి తీసుకొని, సంక్రాంతి సెలవుల్లో పిల్లల చేత ఆ స్టాంపులను అట్ట మీద అతికించి చేసే కొలాజ్ పటాలు చేయించాను.

వాటిలో పుత్తూరు నుంచి చంద్రగిరికి వేరుశనగ విత్తనాల కోసం రాసిన ఉత్తరం ఒకటి ఉంది. ఆ కవరు మీద మామూలు తపాలా బిళ్ళ పక్కనే, కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న అయిదు పైసల బిళ్ళ మీద 'రెఫ్యూజీ రిలీఫ్' అని అదనంగా అచ్చువేసి ఉండడం చూసి, ఎనిమిదో తరగతి అమ్మాయి అదేమిటని అడిగింది. 1971లో తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) నుంచి దాదాపు కోటిమంది ప్రాణాలు అరచేత పట్టుకొని మన దేశానికి వచ్చినప్పుడు, వారి సహాయార్థం ఆ నవంబరు నుంచి 1973 మార్చి వరకు ఉత్తరాలకు అయిదు పైసలు అదనంగా వసూలు చేశారని చెప్పాను. విత్తనాల కోసం రాసుకున్న రైతు కూడా ఆ శరణార్థుల అన్నంలో తన వంతు కలిపాడన్నమాట. పాఠ్యపుస్తకాల్లో యుద్ధం ఉంటుంది గాని ఈ అయిదు పైసలు కనబడవు. ఆ అమ్మాయి కట్టలో దొరికిన అలాంటి బిళ్ళలన్నిటినీ అట్ట మీద కొద్దికొద్దిగా వంకరగా, మనుషులు బారులు తీరి నడిచి వస్తున్నట్టు అతికించింది. ఆ పటం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

మరొక అబ్బాయి 1972 అక్టోబరు 16న ఒకే రోజు విడుదలైన వేమన, టంగుటూరి ప్రకాశం, పంజాబీ కవి భాయ్ వీర్ సింగ్, బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ బిళ్ళలను ఒకే అరుగు మీద కూర్చోబెట్టాడు.

స్టాంపులను అతికిస్తే పాడైపోతాయని సేకర్తలు బాధపడవచ్చు. వారి మాటలో న్యాయం ఉంది. అందుకే తపాలా ముద్రలో ఊరు, తేదీ స్పష్టంగా కనిపించే కవర్లను మేము కత్తిరించలేదు. జిరాక్సు తీయించి వాడుకున్నాము. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడడానికి ముందు పుత్తూరు, చంద్రగిరి వంటి మన ఊళ్ళు చిత్తూరు జిల్లా చిరునామాతోనే ఉత్తరాలు అందుకున్నాయి కనుక, ఆ కవరు మొత్తంగా ఉంటేనే సాక్ష్యం. విడిగా దొరికిన సాధారణ బిళ్ళలను మాత్రం చుట్టూ కాస్త కాగితం ఉండేటట్టు కత్తిరించి, గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే వాటంతట అవే ఊడి వస్తాయి; బోర్లించి ఆరబెట్టి, బరువైన పుస్తకం కింద ఒక రాత్రి ఉంచితే చాలు. రంగు కాగితం మీది బిళ్ళలను వేరే గిన్నెలో నానబెట్టాలి, లేకపోతే ఆ రంగు మిగిలిన వాటికి అంటుకుంటుంది.

2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. స్టాంపు అతికించిన కవరు ఇంటికి రావడమే అరుదైన ఈ రోజుల్లో, మిగిలినవి పాత పేపర్ల కొట్టుకు తూకానికి పోకుండా, చిత్తూరు, తిరుపతి జిల్లాల పాఠశాలల్లో చరిత్ర, చిత్రలేఖనం ఉపాధ్యాయులు కలిసి నెలకు ఒక్క పీరియడు ఈ పనికి కేటాయించవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా పిల్లల పటాలు పదకొండు సిద్ధంగా ఉన్నాయి. ఏ పాఠశాల వారు పిలిచినా తీసుకొని వచ్చి చూపిస్తాము.

ఇట్లు,
విశ్రాంత చిత్రలేఖనం ఉపాధ్యాయుడు,
తిరుపతి