20వ ప్రతిజ్ఞ దగ్గర ఆగిపోయాను

గుంటూరు, ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

ప్రభువు నామమున శుభములు. ఇక్కడంతా కులాసా. నాగపూర్‌లో రాత్రిళ్లు చలి మొదలై ఉంటుంది, కిటికీ వేసుకుని పడుకో. బాబ్జీ వస్తున్నాడు, గోంగూర పచ్చడి పంపుతాను.

మూడు ఆదివారాలైంది నీ ఫోన్ వచ్చి. నిన్న గుడి దగ్గర దీనమ్మ, దసరా రోజు దీక్షాభూమిలో తెల్లచీరలో నీ ఫొటో చూశానంది. సరే, అదలా ఉంచు. పెరట్లో మునగచెట్టు మళ్లీ పూత పట్టింది.

1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ అంబేడ్కర్ బౌద్ధం తీసుకుని, అక్కడ తనవాళ్లచేత చేయించిన 22 ప్రతిజ్ఞలూ తెప్పించుకుని రెండుసార్లు చదివాను. దొంగతనం చేయను, అబద్ధమాడను, తాగను. ఇవి మనింట్లో నీకు నేర్పినవే. యేసు పేరెత్తి కాదన్న మాట ఒక్కటీ లేదు. 20వ దాని దగ్గర ఆగిపోయాను. బుద్ధుని ధమ్మమొక్కటే నిజమైన మతమట. 'నేనే మార్గమును, సత్యమును, జీవమును' అని నీచేత కంఠతా పట్టించింది నేను. ఈ రెండూ ఎలా పొసగుతాయమ్మా?

తాతయ్య చెప్పే పానదుర వాదం గుర్తుందా? సింహళంలో, అదే ఇప్పటి శ్రీలంకలో, 1873 ఆగస్టు 26న, 28న. మనవైపు డేవిడ్ డి సిల్వా పాదిరి, అటు గుణానంద భిక్షువు. బౌద్ధులన్నట్టు ఆత్మే లేదంటే కర్మఫలం అనుభవించేదెవరని పాదిరి అడిగాడు. బైబిల్ నిర్గమకాండంలో 'రోషముగల దేవుడ'ని ఉంటే సింహళ తర్జుమాలో ఆ మాట ఎందుకు మార్చారని భిక్షువు నిలదీశాడు. తాతయ్య ఇక్కడికొచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. "సరిగ్గా అడిగాడు. రోషమంటే రోషమే, దానికి తేనె పుయ్యకూడదు" అనేవాడు. ఆ వాదం అచ్చులో చదివిన ఆల్కాట్ అనే అమెరికా దొర 1880లో సింహళం వచ్చి, బౌద్ధుల ఐదు నియమాలైన పంచశీల తీసుకున్నాడు. అంత జరిగినా తాతయ్య భిక్షువును ఒక్కమాట అననిచ్చేవాడు కాదు, తన ప్రార్థన మానిందీ లేదు.

అందుకే 'అన్నీ ఒకటేలే నాన్నా' అని మాత్రం నాతో అనకు. ఆత్మ ఉందన్నవాళ్లూ లేదన్నవాళ్లూ చెప్పేది ఒకటి కాదు. చదువు, అడుగు, వాదించు. ఎస్సీ సర్టిఫికెట్ కోసమైతే వద్దు. 1990 నుంచి బౌద్ధం తీసుకున్న మనవాళ్లకు ఎస్సీ హక్కుంది, క్రైస్తవులమైన మనకు లేదు. ఆ కోత నేనూ పడ్డాను. అయినా దానికోసం నమ్మకం మార్చుకోకమ్మా.

ఫొటోలో బాగా చిక్కిపోయావట. వచ్చే ఆదివారం పదకొండుకల్లా గుడి నుంచి వచ్చేస్తాను, ఫోన్ దగ్గరే ఉంటాను. ఆ చీర అమ్మదేనా, నీలం అంచుది? పెట్టెలో కనబడలేదు. అదే అయితే వేడినీళ్లలో నానబెట్టకు, అంచు రంగు దిగుతుంది.

నాన్న