బోయిన్ లోయలో పోస్టుకార్డుకు ఎక్కనివాళ్లు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఐర్లాండ్ యాత్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. బోయిన్ నది లోయలోని న్యూగ్రేంజ్ సమాధి ముందున్న తెల్లరాతి గోడ ఫొటో కంటికి ఇంపుగా ఉంది. కానీ ఆ గోడ అయిదు వేల ఏళ్ల నాటిదన్నట్టు రాయడం సరికాదు. సమాధి అంత పాతదే. గోడను మాత్రం 1962లో మొదలైన తవ్వకాల తరువాత, అక్కడ దొరికిన తెల్లరాళ్లను కాంక్రీటు ఆసరాతో పేర్చి నిలబెట్టారు. పూర్వం ఇలాగే ఉండి ఉంటుందని పురావస్తు శాస్త్రవేత్త ఓకెల్లీ అంచనా వేశారు. ఆ అంచనాతో ఏకీభవించని పండితులూ ఉన్నారు. అంతకుముందు అక్కడికి వెళ్లినవారికి కనిపించింది గడ్డీ చెట్లూ మొలిచిన మట్టిదిబ్బ.

గోడ లేని ఆ లోయను ఎరిగిన చిత్రకారిణి నానో రీడ్. న్యూగ్రేంజ్‌కు దగ్గరలోని డ్రోహెడా పట్టణంలో 1900లో పుట్టారు. తండ్రికి మద్యం దుకాణం ఉండేది. డబ్లిన్‌లో, పారిస్‌లో, లండన్‌లో చదువుకున్నారు. 1950లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనకు ఐర్లాండ్ మొదటిసారి చిత్రాలు పంపినప్పుడు ఎంపికైంది ఇద్దరే, ఇద్దరూ స్త్రీలే: నోరా మెక్‌గిన్నెస్, నానో రీడ్. అంత పేరు వచ్చాక కూడా ఆమె మళ్లీ మళ్లీ గీసింది బోయిన్ నది ఒడ్డునే.

ఆమె చిత్రాలు మొదటి చూపుకు నచ్చవు. విశాలమైన ఆకాశం, పచ్చిక, దూరంగా కొండ వంటివి ఆశించి వెళితే నిరాశే. నేల నిటారుగా లేచి మన మీదికి వస్తుంది, ఆకాశానికి చోటు మిగలదు. బురద రంగు, నాచు రంగు, కాల్చిన ఇటుక రంగు కలిసి పారుతుంటే, వాటి మీద కుంచె గబగబా పరిగెత్తిన నల్లని గీతలుంటాయి. కాసేపు నిలబడి చూస్తే ఒక గీత ఆవు వీపు అవుతుంది, ఇంకొకటి మనిషి భుజం. మనుషులను నేల నుంచి విడదీసి చూపడం ఆమెకు ఇష్టం లేదనుకుంటాను.

ఆ మనుషుల్లో సంచారులు, అంటే ఇళ్లలాంటి బండ్లలో ఊరూరా తిరిగే ఐరిష్ ట్రావెలర్లు, కూడా ఉన్నారు. మీత్ జిల్లాలోని స్లీవ్ బ్రే అనే కొండ దగ్గర వారి మజిలీని ఆమె 1962లో గీశారు. మరుసటి ఏడాదే ప్రభుత్వ సంఘం ఒకటి, వీళ్లను స్థిరనివాసుల్లో కలిపేయడమే పరిష్కారమని నివేదిక ఇచ్చింది. 2002లో వచ్చిన చట్టం అనుమతి లేకుండా బండ్లు ఆపుకోవడాన్ని నేరం చేసింది. తరతరాలుగా వాళ్లు ఆగిన రోడ్డు పక్క జాగాల్లో చాలాచోట్ల ఇప్పుడు పెద్ద పెద్ద బండరాళ్లు దొర్లించి ఉన్నాయి. వాళ్లను ప్రత్యేక జాతిగా ప్రభుత్వం గుర్తించింది 2017లో. ఆ గుర్తింపుతో బండరాళ్లేమీ కదలలేదు.

ఇది ఐరిష్‌వాళ్ల గొడవ, మనకెందుకు అనవచ్చు. డ్రోహెడాలోనూ డబ్లిన్‌లోనూ ఇప్పుడు తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. కొత్తగా దిగినవారికి మనవాళ్లు చెప్పే జాగ్రత్తల్లో ఈ సంచారుల ప్రస్తావన తప్పకుండా ఉంటుంది. వాళ్లలో ఒక్కరితోనైనా మాట్లాడకముందే దొంగలన్న ముద్ర వేసేస్తాం. స్టూవర్టుపురం పేరు వింటే ఇప్పటికీ నొసలు చిట్లించే మనకు ఈ విద్య కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు.

యాత్రా వ్యాసంలో రాజకీయాలు రాయమని నా కోరిక కాదు. కానీ ఒక నేల గురించి రాస్తూ సమాధులను, శిలువలను, కోటలను వరుసగా చెప్పి, అక్కడ బతికినవాళ్లను వదిలేస్తే అది సగం వర్ణనే. మిగతా సగానికి నానో రీడ్ చిత్రాలు సాక్ష్యం. 1981లో ఆమె చనిపోయారు. డ్రోహెడాలో పాత ఫ్రాన్సిస్కన్ చర్చిని హైలేన్స్ గ్యాలరీగా మార్చి 2006లో తెరిచారు. పురపాలక సంఘం చిత్ర సేకరణ, అందులో ఆమె చిత్రాలు, అక్కడే ఉన్నాయి. రాజధాని గోదాములో మూలపడకుండా, గీసిన నేలకు నడక దూరంలో ఒక చిన్న ఊరు వాటిని భద్రం చేసుకోవడం మీ పాఠకులకు తెలియవలసిన సంగతి.

ఆ వ్యాసానికి మలి భాగం ఉంటే డ్రోహెడాకు కనీసం అర పేజీ కేటాయించండి. అన్ని చిత్రాలూ ఎప్పుడూ గోడల మీద ఉండవు కనుక, వెళ్లేముందు గ్యాలరీకి ఫోను చేసి కనుక్కోమని కూడా రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
డ్రోహెడా, ఐర్లాండ్