సైకిల్ లైటు బొమ్మలో రెసిస్టర్ ఏది?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో సైకిల్‌కి ఎల్‌ఈడీ లైటు ఇంట్లోనే ఎలా చేసుకోవాలో వేశారు. చూడగానే ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే 12 ఏళ్ళుగా నా సైకిల్‌కి ముందూ వెనకా నేను చేసుకున్న లైట్లే ఉన్నాయి. కానీ బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. మూడు పెన్సిల్ సెల్లులు, ఒక స్విచ్చు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, అంతే. మధ్యలో కరెంటుని హద్దులో ఉంచే రెసిస్టర్ లేదు! దయచేసి సరైన బొమ్మ మళ్ళీ వేయండి, అది చూసి ఈపాటికే ఎంతమంది పిల్లలు వైర్లు కలిపేసి ఉంటారో.

పాత టార్చి బల్బుకైతే ఈ గొడవ లేదు, దానిలోని ఫిలమెంటు వేడెక్కేకొద్దీ కరెంటుని తనే అడ్డుకుంటుంది. ఎల్‌ఈడీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎర్రదానికి సుమారు 2 వోల్టులు, తెల్లదానికి 3 పైచిలుకు కావాలి, అది దాటాక వోల్టేజీ పిసరంత పెరిగినా కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది, దాంతో వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా లాగుతుంది. నేను మొట్టమొదట చేసింది కూడా సరిగ్గా మీ బొమ్మలో ఉన్నట్టే. స్విచ్చు వేయగానే భలే వెలిగింది, చూస్తుండగానే ఎరుపు కాస్తా నారింజ రంగుకి తిరిగి ఆరిపోయింది. అది పాడైన సరుకేమో అనుకుని ఇంకోటి పెట్టాను, అదీ పోయింది. ఏం తప్పు చేశానో తెలియక రెండు రోజులు ఒకటే టెన్షన్.

లెక్క పెద్ద కష్టం కాదు, ఎనిమిదో తరగతి పిల్లలు చేసేస్తారు. మూడు సెల్లులు కలిపితే 4.5 వోల్టులు, అందులో ఎల్‌ఈడీకి 2 పోతే 2.5 మిగులుతుంది, దాన్ని ఎల్‌ఈడీకి సరిపోయే కరెంటుతో, 20 మిల్లీ ఆంపియర్లతో, అంటే 0.02 ఆంపియర్లతో భాగిస్తే 125 ఓములు. దానికి కాస్త పైన మామూలుగా దొరికే 150 ఓముల రెసిస్టర్ పెడితే చాలు, దాని మీద గోధుమ, ఆకుపచ్చ, గోధుమ రంగు గీతలుంటాయి. వెనక రెండు ఎల్‌ఈడీలు పెట్టి, దేని రెసిస్టర్ దానికే ఇస్తే ఇంకా మంచిది, ఒకటి పోయినా రెండోది వెలుగుతూ ఉంటుంది.

ముందు లైటుకి నేను 1 వాటు తెల్ల ఎల్‌ఈడీ వాడతాను. అది 350 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, కాబట్టి అల్యూమినియం ముక్కకి గట్టిగా బిగించకపోతే వేడికి త్వరగా పాడవుతుంది. మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకునే 1.2 వోల్టుల నికెల్ సెల్లులు నాలుగు, 4.7 ఓముల రెసిస్టర్ ఒకటి. ఆ రెసిస్టర్ కూడా 1 వాటుదే ఉండాలి, చిన్నది పెడితే కమిలిపోతుంది. 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు) చార్జి పట్టే సెల్లులైతే సుమారు ఐదు గంటలు వెలుగుతుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి లిథియం సెల్లులు ఊడదీసి వాడే పని మాత్రం పిల్లలకి చెప్పకండి, షార్ట్ అయితే మంట లేస్తుంది. డైనమో ఉన్నవాళ్ళు కూడా దాన్ని నేరుగా ఎల్‌ఈడీకి కలపకూడదు, దాన్నుంచి వచ్చేది ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటు, దాన్ని ఒకే దిశకి తిప్పే బ్రిడ్జి రెక్టిఫైయర్ మధ్యలో ఉండాలి.

మీ వ్యాసంలో అసలు ఊసే లేనిది ఇంకొకటి ఉంది, కుదుపు. టేబుల్ మీద వెలిగిన లైటు గతుకుల్లో వెలగాలని లేదు. ఒక రాత్రి నా వెనక లైటు ఎక్కడ ఆరిపోయిందో కూడా నాకు తెలియదు, ఇంటికొచ్చి దిగి చూస్తే చీకటి. తొక్కేవాడికి తన వెనక లైటు కనిపించదు కదా, ఎవరైనా వెనకనుంచి గుద్ది ఉంటే అన్న ఆలోచనకే ఒళ్ళు జలదరించింది. విప్పి చూస్తే సోల్డరింగ్, అంటే సీసం కరిగించి వేసిన అతుకు, బాగానే ఉంది, అది ముగిసిన చోట, సీసం పాకి వైరు బిరుసెక్కిన అంచులో, పోగులన్నీ ఒక్కొక్కటే తెగిపోయి ఉన్నాయి, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే ఇప్పుడు ఆ అతుకు మీద తొడుగు వేసి, దానికి కాస్త ఇవతల వైరుని డబ్బాకి గమ్ముతో అంటిస్తాను, అప్పుడు ఊపంతా అతుకు మీద పడదు. హ్యాండిల్ దగ్గర వైరు కొంచెం వదులుగా ఉంచాలి, లేకపోతే తిప్పినప్పుడల్లా లాగుతుంది. డబ్బా అడుగున చిన్న బెజ్జం కూడా పెట్టాలి, ఎంత మూసినా వాన నీళ్ళు ఎక్కడో అక్కడ దూరతాయి, దూరినవి పోవడానికి దారుండాలి.

ఇక మీరు 'ఎంత కాంతి ఉంటే అంత మంచిది' అని రాశారు, దానితో నేను అస్సలు ఒప్పుకోను. ఎదుటివాడి కళ్ళలో కొట్టే లైటు వల్ల ఇద్దరికీ ప్రమాదమే. సైకిల్‌ని గోడకి ఎదురుగా ఐదు మీటర్ల దూరంలో నిలబెట్టి వెలిగిస్తే గోడ మీద పడే వెలుగు నడిమి భాగం లైటున్న ఎత్తుకన్నా కిందకే ఉండాలి. పిల్లలకి ఈ పరీక్ష నేర్పండి.

కొత్త బొమ్మలో రెసిస్టర్‌ని దాని రంగు గీతలతో సహా పెద్దదిగా వేయండి, ఎల్‌ఈడీకున్న రెండు కాళ్ళలో పొడుగుది ప్లస్ అని కూడా రాయండి. వీలైతే ఈ ఆదివారమే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు